పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోందా? కొత్తది కొనే ముందు ఒక ఆదివారం దానికి కేటాయించండి

తెనాలిలో మా బాబాయికి చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు చేస్తాడు. పోయిన మాఘంలో, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, సిస్టమ్ ఆన్ చేసి ఎదురు హోటల్లో ఇడ్లీ తినొచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటోందిరా. అందరూ కొత్తది కొనేయమంటున్నారు. నలభై వేలట. ఏం చెయ్యమంటావు?"

"ఆదివారం దాకా ఆగు బాబాయ్, నేనొచ్చి చూస్తా" అన్నాను.

ఆ సిస్టమ్ 2012లో కొన్నది. ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ (నడుస్తున్న పనులను ఉంచుకునే తాత్కాలిక మెమరీ), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఇలాంటివి మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో, రిటైరైన మాస్టార్ల ఇళ్లలో ఇంకా చాలానే పనిచేస్తున్నాయి. వాటిని చూసి "పాతదైపోయింది" అని తీర్పు చెప్పేయడం నాకు నచ్చదు. కంప్యూటర్ మొత్తం ఒకేసారి ముసలిదైపోదు. దానిలో ఏదో ఒక భాగం మిగతావాటిని ఆపుతూ ఉంటుంది. ఆ భాగం ఏదో తెలియకుండా డబ్బు ఖర్చు పెడితే తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టే ఉంటుంది. మేం ఆ రోజు ఏ వరుసలో వెళ్లామో అదే వరుసలో రాస్తున్నాను. మీరు కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ముందు ఫైళ్లు బయటికి తీయండి

స్లో అయిన పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ చివరి దశలో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి క్లీనింగ్, స్కానింగ్, ఫార్మాట్ వంటివి మొదలుపెట్టే ముందే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ముఖ్యమైనవన్నీ కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీదున్నవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫొటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచుకున్న బుక్‌మార్కులు. డీటీపీ వాళ్లయితే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా. ఫాంట్ లేకపోతే పదేళ్ల శుభలేఖలన్నీ అర్థం కాని గుర్తులుగా తెరుచుకుంటాయి.

కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఈ ఒక్క అడుగు మాత్రం దయచేసి దాటవేయకండి. ఆ సాయంత్రం దీని విలువ బాబాయికి బాగా తెలిసొచ్చింది. అదేమిటో కింద చెప్తాను.

ఎక్కడ ఆగుతోందో టైమ్ పెట్టి చూడండి

"స్లో" అనే మాటతో ఏమీ తేలదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకుని, పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ తెరుచుకుని టైప్ చేయగలిగేంత వరకూ ఎంత పట్టిందో కాగితం మీద రాసుకోండి. బాబాయి సిస్టమ్‌కి ఆరు నిమిషాలు దాటింది. ప్రతి మార్పు తర్వాతా మళ్లీ ఇదే కొలవాలి.

వెబ్‌సైట్లు మాత్రమే మెల్లగా వస్తుంటే, అదే వైఫైలో ఫోన్ పెట్టి చూడండి. ఫోన్‌లోనూ అంతే ఉంటే తప్పు నెట్‌ది, కంప్యూటర్‌ది కాదు. ఇంకో చిన్న విషయం కూడా చూడండి, గడియారం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. తేదీ తప్పుగా ఉంటే భద్రమైన వెబ్‌సైట్లేవీ సరిగ్గా తెరుచుకోవు. జనం దాన్ని కూడా "స్లో" అనే అంటారు. బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

టాస్క్ మేనేజర్ చదవడం నేర్చుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా వస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. సిస్టమ్ ఆన్ అయ్యాక పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా దాన్ని చూస్తూ కూర్చోండి. ఆ తర్వాత మీరు రోజూ చేసే పని చేస్తూ చూడండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు నిలువు వరుసల్లో ఏది ఎర్రబడుతోందో అక్కడ మీ జవాబు ఉంటుంది.

డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉంటూ, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీ దగ్గరే కొట్టుకుంటోందా? పాత సిస్టమ్‌లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. హార్డ్ డిస్క్ లోపల నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లేలు, వాటి మీద అటూ ఇటూ కదిలే ఒక చెయ్యి ఉంటాయి. 7200 అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చోట చదివి ఇంకో చోటికి వెళ్లాలంటే ఆ చెయ్యి కదలాలి, కావలసిన భాగం తిరిగి దాని కిందికి రావాలి. అలా చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు సెకనుకు ఇంచుమించు వందకు మించి చదవలేదు. విండోస్ 10 మొదలయ్యేటప్పుడు అడిగేవి వేల కొద్దీ చిన్న ముక్కలు. ఆ పాపం ప్రాసెసర్‌ది కాదు, అది ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పక్కన 'పెర్ఫార్మెన్స్' ట్యాబ్‌లో డిస్క్ నొక్కితే "యావరేజ్ రెస్పాన్స్ టైమ్" కనిపిస్తుంది. అది పదుల మిల్లీసెకన్లలో ఉంటే డిస్క్ పాతదే కానీ ఆరోగ్యంగానే ఉన్నట్టు. పెద్ద పని ఏదీ లేనప్పుడు కూడా వందలు, వేలల్లోకి పోతుంటే డిస్క్ చెడిపోతోందేమో అని అనుమానించాలి.

మెమరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. ర్యామ్‌లో చోటు లేనప్పుడు విండోస్ మిగిలింది డిస్క్ మీద రాసుకుంటుంది. అంటే ర్యామ్ కొరత కూడా డిస్క్ 100 శాతంగానే కనబడొచ్చు. రెండూ కలిపి చూడాలి.

సీపీయూ నిండిపోతుంటే, ఏ ప్రోగ్రామ్ తింటోందో పైవరుస నొక్కి చూడండి. ప్రోగ్రామ్ ఏదీ పెద్దగా తినకపోయినా అంతా బరువుగా కదులుతుంటే వేడి సమస్య కావచ్చు.

'పెర్ఫార్మెన్స్'లో సీపీయూ కింద "అప్ టైమ్" అని ఉంటుంది. బాబాయి రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాడు. అక్కడ మాత్రం 23 రోజులు అని చూపించింది. "నేను రోజూ ఆపుతున్నాను కదరా!" అని ఆశ్చర్యపోయాడు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలవదు. 'రీస్టార్ట్' చేసినప్పుడే మొదలవుతుంది. వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయండి.

డిస్క్ ఆరోగ్యం

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను దాని అసలు సైట్ నుంచే దింపుకుని తెరవండి. నీలం రంగులో "గుడ్" అని ఉంటే సరే. పసుపులో "కాషన్", ఎరుపులో "బ్యాడ్" అని ఉంటే మూడు గడులు చూడండి. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న భాగాలు), సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 అంటే సరిదిద్దలేనివి. వీటి ఎదురుగా 'రా వాల్యూస్' కింద ఉన్న విలువ సున్నా కాకపోతే, రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్క్‌ను ఇక నమ్మకండి. లోపలి నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే అసలు స్కాన్‌లే పెట్టొద్దు. కాపీ చేసుకోగలిగింది చేసుకుని ఆపేయండి.

సీ7 మాత్రం పెరుగుతుంటే కంగారు పడకండి. అది చాలాసార్లు డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పు. కేబుల్ మార్చి చూడండి.

బాబాయి డిస్క్ పసుపులో ఉంది, సీ5లో అంకెలున్నాయి. ఆయన ముఖం పాలిపోయింది. "పన్నెండేళ్ల డిజైన్లురా" అన్నాడు. పొద్దున్నే కాపీ చేసిన ఎక్స్‌టర్నల్ డిస్క్ టేబుల్ మీదే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు.

పైసా ఖర్చు లేని పనులు

డిస్క్ బాగానే ఉన్నవాళ్లు ముందు ఇవి చేయండి. టాస్క్ మేనేజర్‌లో 'స్టార్టప్' ట్యాబ్ తెరిచి, సిస్టమ్‌తో పాటు లేచే వాటిలో అక్కర్లేనివన్నీ డిజేబుల్ చేయండి. ఇది అన్‌ఇన్‌స్టాల్ చేయడం కాదు, కావాలంటే తర్వాత మీరే తెరుచుకోవచ్చు. ప్రింటర్ల అప్‌డేటర్లు, మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు నిర్భయంగా ఆపొచ్చు. ఆడియో, గ్రాఫిక్స్ డ్రైవర్లకు సంబంధించినవి, యాంటీవైరస్ ఉంచండి.

యాంటీవైరస్ ఒక్కటే ఉండాలి. గడువు తీరిన ట్రయల్ ఒకటి, ఎవరో వేసి వెళ్లిన ఉచితది ఇంకొకటి ఉంటే ప్రతి ఫైలునూ రెండూ తనిఖీ చేస్తూ ఉంటాయి. రెండూ తీసేస్తే విండోస్‌తో వచ్చే డిఫెండర్ దానంతట అదే పని మొదలుపెడుతుంది. దానితో ఒక ఫుల్ స్కాన్ రాత్రిపూట పెట్టి పడుకోండి.

సి డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి. స్టార్ట్‌లో "డిస్క్ క్లీనప్" అని వెతికి, "క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్" నొక్కితే పాత అప్‌డేట్ల చెత్త పోతుంది. జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉండొచ్చు, దానికి టిక్ పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, మీరు వేసినట్టు గుర్తులేనివి తీసేయండి.

డీటీపీ సిస్టమ్‌లకు ప్రత్యేకంగా ఒకటి, ఫాంట్లు. బాబాయి దగ్గర రెండు వేలకు పైగా ఉన్నాయి. కోరల్‌డ్రా తెరిచిన ప్రతిసారీ ఆ జాబితా అంతా చూసుకోవాలి. రోజూ వాడే తెలుగు అను ఫాంట్లు, మరికొన్ని ఇంగ్లిష్‌వి ఉంచి, మిగతావి వేరే ఫోల్డర్‌లోకి మార్చాం. కోరల్ తెరుచుకునే సమయంలో తేడా అప్పటికప్పుడే కనిపించింది.

రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్లు, "ఒక్క క్లిక్‌తో పది రెట్ల వేగం" అనేవి దింపుకోవద్దు. అవి చేసే మేలు లేదు, తెచ్చే బెడద మాత్రం ఉంటుంది.

క్యాబినెట్ తెరవండి

ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది. విప్పే ముందు అన్ని వైర్లూ కనబడేలా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

ప్రాసెసర్ మీది ఫ్యాన్ పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, మోసపోకండి. ఫ్యాన్‌కీ దాని కింది అల్యూమినియం రెక్కలకీ మధ్య చూడాలి. మేం ఫ్యాన్ విప్పేసరికి అక్కడ దుమ్ము పాత కంబళి ముక్కలా గట్టిగా పేరుకుని ఉంది. గోటితో ఒక అంచు పట్టుకుని లాగితే గుండ్రటి బిళ్లలా మొత్తం ఊడి వచ్చింది. అందులో కాగితం పొడి, దారప్పోగులు, అగరుబత్తి మసి అన్నీ ఉన్నాయి. దేవుడి పటం సరిగ్గా సిస్టమ్ పైనే ఉంది మరి! పన్నెండేళ్లుగా ఆ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం కిందికి దిగడం లేదు.

మెత్తటి పెయింట్ బ్రష్, బ్లోవర్ చాలు. బ్లోవర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ పుడుతుంది. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను బయటి నుంచే ఊదండి, విప్పొద్దు. ప్లగ్ తీసినా దాని లోపల ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది.

ఇంటెల్ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. పైనున్న బాణం గుర్తు వైపు తిప్పి లాగితే ఊడతాయి. కింద థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే లేపనం) ఎండి సుద్దలా ఉంటే మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు. బిగించే ముందు కాళ్లను బాణానికి ఎదురు దిశలో తిప్పి మామూలు స్థితికి తేవాలి, తర్వాత ఎదురెదురు మూలలు నొక్కుతూ వెళ్లాలి. నాలుగూ 'టిక్' మన్నాయో లేదో వెనక వైపు నుంచి చూడండి. ఒక్క కాలు సరిగ్గా కూర్చోకపోయినా ముందుకన్నా వేడెక్కుతుంది.

వేడి చూడటానికి హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ప్రోగ్రామ్ వాడొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, గట్టి పనిలో 80 లోపు ఉంటే నిశ్చింత. వంద దరిదాపులకు పోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీకు మాత్రం మధ్యాహ్నం పూట సిస్టమ్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది.

ర్యామ్

క్యాబినెట్ తెరిచే ఉంది కాబట్టి ర్యామ్ పట్టీలు తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండు వైపులా 'టక్' మనేదాకా నొక్కి పెట్టండి. పెట్టాక బీప్‌లు వస్తే సరిగ్గా కూర్చోలేదని అర్థం.

4 జీబీ ఉంటే 8 జీబీకి పెంచడం మంచిదే. అయితే ముందు 'సిస్టమ్' పేజీలో 32-బిట్ అని ఉందో 64-బిట్ అని ఉందో చూడండి. 32-బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, ఎంత వేసినా వృథా. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదానిలో ఒకటి పట్టవు, గాడి వేరే చోట ఉంటుంది. పాత పట్టీని జేబులో వేసుకునే షాపుకు వెళ్లండి. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పాత డీడీఆర్3 కూడా వెతికితే దొరుకుతుంది. చవగ్గా వస్తోందని తీసుకున్న కొన్ని డీడీఆర్3 పట్టీలు ఏఎమ్‌డీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి, ఇంటెల్‌లో లేవవు. "మా బోర్డుకు పట్టకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని అడిగి మరీ కొనండి.

ఎస్‌ఎస్‌డీ: ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి

దుమ్ము దులిపి, ర్యామ్ పెంచాక కూడా బాబాయి సిస్టమ్ ఆన్ అవడానికి నాలుగున్నర నిమిషాలు పట్టింది. అసలు దోషి డిస్కేనని అప్పుడు పూర్తిగా తేలింది.

ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టుకునే చిప్‌ల డిస్క్. అందులో తిరిగేవీ కదిలేవీ లేవు. హార్డ్ డిస్క్ సెకనుకు వంద ముక్కలు చదివే చోట ఇది వేలు, పదివేలు చదువుతుంది. పాత బోర్డుకు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, 240 లేదా 256 జీబీ చాలు. హెచ్61 బోర్డుల్లో చిప్‌సెట్ ఇచ్చేవి సాటా 2 పోర్టులు. అందుకని పెట్టె మీద రాసిన 500 ఎంబీ వేగం రాదు, అందులో సగం దగ్గర ఆగుతుంది. దానికి బాధపడాల్సిన పని లేదు, మనకు తేడా తెలిసేది చిన్న ముక్కల వేగంలోనే.

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేయొచ్చు. కొన్ని ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఆ ప్రోగ్రామ్ ఉచితంగానే ఇస్తాయి. బాబాయి డిస్క్ చెడిపోతోంది కాబట్టి మేం కొత్తగా విండోస్ వేశాం. దానికి 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్ కావాలి. అదే బోర్డులో ముందే యాక్టివేట్ అయిన విండోస్ 10 ఉంటే, అదే ఎడిషన్ మళ్లీ వేశాక నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. అను, ట్యాలీ వంటి వాటి సీడీలు, లైసెన్స్ వివరాలు మాత్రం ఇన్‌స్టాలేషన్‌కు ముందే చేతిలో పెట్టుకోండి.

బయోస్‌లోకి (విండోస్ లేచే ముందే తెరిచే బోర్డు సెట్టింగ్‌లు) వెళ్లి సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఏదో చూడండి. కొత్తగా విండోస్ వేసేటప్పుడు పాత పద్ధతి ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి. పాత విండోస్ అలాగే ఉంచి మారిస్తే మాత్రం నీలం తెర వచ్చి ఆగిపోతుంది, జాగ్రత్త. ఇంకో ముఖ్యమైన సంగతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. లేకపోతే బూట్ ఫైళ్లు దాని మీదికి వెళ్లే అవకాశం ఉంది, తర్వాత దాన్ని తీసిన రోజున కొత్త ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు. ఎస్‌ఎస్‌డీ మీద పాతకాలం డీఫ్రాగ్ ప్రోగ్రామ్‌లు నడపకండి.

రాత్రి ఎనిమిదింటికి మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకున్నాం. బ్రౌజర్ తెరుచుకుని టైప్ చేసేసరికి 50 సెకన్లు కూడా కాలేదు. బాబాయి నమ్మలేక ఆపి ఇంకోసారి ఆన్ చేయించాడు.

విండోస్ 10 సంగతి

వేగం వచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదైతే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. రెండో తరం ఐ3 విండోస్ 11 నిబంధనలకు సరిపోదు. అడ్డదారిలో వేయొచ్చు, కానీ రోజూ పనికి ఆధారపడే సిస్టమ్‌కు అది నేను చేయను.

ఆ సిస్టమ్‌తో ప్రధానంగా మెయిల్, వీడియోలు, బ్యాంకు పనులు చేసేవాళ్లకు విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, డిస్క్‌ను ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. పేజ్‌మేకర్, అను మీద బతికేవాళ్లు విండోస్‌తోనే ఉండాలి. వాళ్లకు నా సలహా ఒకటే, అప్‌డేట్లు ఆగిన రోజు నుంచి ఆ సిస్టమ్‌కు నెట్ తీసేయండి. కస్టమర్లు పంపే ఫొటోలు ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో తీసుకుని, డిఫెండర్‌తో స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. బాబాయి అలాగే చేస్తానన్నాడు.

ఇక తీసేసిన పాత హార్డ్ డిస్క్. దాన్ని వెంటనే పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి. కవర్‌లో పెట్టి పైన తేదీ రాసి నెల రోజులు పక్కన ఉంచండి. మరిచిపోయిన ఫోల్డర్ ఏదో ఒకటి ఆ నెలలో తప్పకుండా గుర్తొస్తుంది. బాబాయికి మూడో రోజే గుర్తొచ్చింది, మా పిన్ని ఫొటోలు ఉన్న ఫోల్డర్.